మస్కట్ క్యాసెట్టులో పాట

లింగంపేట రూతక్క ముప్పై ఏళ్లుగా బీడీలు చుడుతోంది. ఆమెకు ఇంగ్లీషు ముక్క రాదు. అయినా రాక్ పాటల గురించి ఆమెతో వాదనకు దిగి గెలిచినవాణ్ణి నేను చూడలేదు. ఓడిపోయినవాళ్లలో నేనూ ఒకణ్ణి కాబట్టి నా మాట నమ్మవచ్చు.

ఎల్లారెడ్డిలో జోయల్‌కు సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక రూతక్క, ఆమె భర్త స్వామిదాసు, నేను అక్కడికి చేరతాం. ఒక్కొక్కరం ఇష్టమైన రాక్ పాట పెట్టించుకుని, దాని వెనక సంగతి చెప్పాలి. కామారెడ్డిలో డిగ్రీ తప్పిన ఏడాది నన్ను నిలబెట్టిన పాట గురించి నేను ఇప్పటికి పదిసార్లు చెప్పి ఉంటాను. విసుక్కోకుండా విన్నది రూతక్క ఒక్కతే. పాపం, ఆమె పాట మాత్రం దొరికేది కాదు.

అది స్వామిదాసు మస్కట్‌లో పనిచేసే రోజుల్లో పంపిన క్యాసెట్టులోది. ఉత్తరం రాయడానికి బద్ధకించి ఆయన చెప్పాల్సిందంతా క్యాసెట్టులో మాట్లాడి, మిగిలిన చోట అక్కడ విన్న పాట ఎక్కించేవాడు. అప్పటికి వాళ్ల బిడ్డ వినోద చంటిపిల్ల. రూతక్క కాలి వేలికి తాడు కట్టుకుని చీర ఉయ్యాల ఊపుతూ, ఒళ్లో చాట పెట్టుకుని, డ్రమ్ము దెబ్బకో దారం చుట్టు చొప్పున బీడీలు కట్టేది. కొన్నాళ్లకు ఆ టేపు తెగిపోయింది.

చిక్కేమిటంటే, ఆ పాటను మగాయన నిదానంగా పాడాడని రూతక్క అంటుంది. కాదు, ఆడామె గుక్క తిప్పుకోకుండా పాడిందని స్వామిదాసు అంటాడు. ఆ ఆడగొంతు క్యాసెట్టు ఎవరికి పంపావో చెప్పమని ఆమె నిలదీస్తుంది. పైకి అది ఎకసెక్కమే. కానీ తాను పట్టుకుని బతికిన పాట పంపినవాడికే గుర్తులేదేమని ఒకసారి నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకూ కష్టమనిపించింది.

మొన్న ఆదివారం జోయల్, రాగం వినిపిస్తే పాట వెతికిపెడుతుందని ఫోను ముందు పెట్టి, స్వామిదాసును రాగం తీయమన్నాడు. ఆ గొంతుకు ఫోను చెడిపోతుందనుకున్నాను గానీ, మూడోసారికి పాటే దొరికింది. ఆడగొంతే, ఒకటే పరుగు. స్వామిదాసు సంబరంగా లేచి నిలబడ్డాడు. రూతక్క ముఖం చిన్నబోయింది. ఇది కాదంది.

ఆమె ముఖం చూశాక ఆయనకు గెలిచిన సంతోషం నిలవలేదు. అప్పట్లో పాట ఎట్లా వినేదానివని అడిగాడు. ఎండలో పెట్టిన పాత బ్యాటరీలు టేపురికార్డర్‌లో వేసుకుని వినేదాన్నని చెప్పింది. జోయల్ పకపకా నవ్వాడు. బ్యాటరీ నీరసిస్తే టేపు మెల్లగా తిరుగుతుందని, ఆడగొంతు కాస్తా మగగొంతు అవుతుందని చెప్పి, ఫోనులో పాట వేగం, శ్రుతి రెండూ తగ్గించి మళ్లీ పెట్టాడు.

నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో, రూతక్క ఉత్త వేళ్లు ఒళ్లో బీడీలు చుట్టడం మొదలుపెట్టాయి. ఆమె ఏడుస్తూనే నవ్వుతోంది. మాకూ ప్రాణం లేచొచ్చింది.

స్వామిదాసు పాట అయిపోయేదాకా ఆ వేళ్లనే చూశాడు.

"పాతయి ఎండల పెట్టుడేంది? కొత్తయి ఏసుకోకపోతివా?" అన్నాడు.

"ఏసుకుంటుంటి, నీ మాటలు ఇనేటప్పుడు," అంది రూతక్క. "మాటలు అయిపోంగనే తీసి బియ్యం డబ్బాల దాచిపెడుతుంటి. నీ గొంతు మారొద్దని."

స్వామిదాసు జోయల్‌ను పాట మళ్లీ పెట్టమన్నాడు, మెల్లగా వచ్చేదే.