హెలిపాడ్ మీద వాన

హెలికాప్టర్ ఇంజన్ ఆపలేదు. తలుపు తీశారు, మొదటి విడత ఇరవై మందిమి సామాన్లతో సహా బురదలోకి దూకాం, అది లేచిపోయింది. మధ్యాహ్నం రెండు కావస్తోంది. వాన పడుతోంది. మధ్య ఆఫ్రికా అడవి నడిబొడ్డున లుకోమే అనే ఊరది. పైనుంచి చూసినప్పుడు పచ్చటి దుప్పటికి పడ్డ చిరుగులా కనిపించింది. దిగాక అదీ కనిపించలేదు.

నేనప్పుడు మన సైన్యంలో హవల్దార్‌ని, ఐక్యరాజ్యసమితి శాంతిసేనలో అక్కడికి పంపారు. మార్కాపురం దగ్గర మెట్ట రైతు కొడుకుని. మా వైపు వాన పడితే జనం బయటికి వచ్చి చూస్తారు. లుకోమేలో వాన ఆగితే బయటికి వచ్చి చూసేవారు.

నెత్తిన శాంతిసేన నీలం హెల్మెట్, ఒంటి మీద తూటాలు ఆపే పదకొండు కిలోల జాకెట్, చేతిలో రైఫిల్. మా పోస్టు ఊరి పక్క గుట్ట మీద ఉంది. చుట్టూ ముళ్ల కంచె, నాలుగు మూలలా కాపలాకి ఇసుక మూటలు పేర్చిన మోర్చాలు. మాకంటే ముందున్న దళం పేర్చిపోయిన ఆ మూటల్లోంచి గడ్డి మొలిచింది. ఉతికిన బట్ట ఆరేది కాదు, కుళ్లేది. కాలివేళ్ల మధ్య తోలు ఊడేది. ఆదివారం మలేరియా గోళీ. సాయంత్రం ఆరు దాటాక కంచె దాటకూడదని ఆర్డర్.

ఆర్డర్ల సంగతి కొంచెం చెప్పాలి. మాకిచ్చిన కాగితాల్లో మొదటి పేరాలో పౌరుల్ని కాపాడమని ఉంది. మిగతా పేజీలన్నీ ఎప్పుడెప్పుడు కాపాడకూడదో వివరించాయి. రాసినవాడు ఏ.సి. గదిలో కూర్చుని రాశాడని చదవగానే తెలిసిపోతుంది. చెమట పట్టిన చెయ్యి అంత పొడుగు వాక్యాలు రాయదు.

ఊళ్లో డెబ్బై దాకా మట్టి ఇళ్లు. అడవిని కొంత నరికి, కాల్చి, ఆ బూడిదలో కర్రపెండలం, అరటి, మెట్ట వరి వేసుకుంటారు. వరి కోతకి కొడవలి వాడరు. వెన్ను వెన్నూ విడిగా చిన్న చాకుతో కోస్తారు. అందుకే కోత వారాల తరబడి సాగుతుంది. రెండేళ్ల కిందట సరిగ్గా కోతలప్పుడే అడవిలోంచి తుపాకులవాళ్లు వచ్చారు. ధాన్యం తీసుకున్నారు, మేకల్ని తోలుకుపోయారు, మీసం మొలిచిన మగపిల్లల్ని తాళ్లు కట్టి నడిపించుకుపోయారు. పోతూ సగం ఊరు కాల్చారు. మా పోస్టు పెట్టింది ఆ తర్వాత.

పోస్టు కమాండర్ ఒక కెప్టెన్. ఇరవై ఆరేళ్లవాడు. ఆ బురదలో కూడా బూట్లకి పాలిష్ పెట్టించుకునేవాడు. రోజూ టీ తాగుతూ నాయకత్వం గురించి ఇంగ్లిష్ పుస్తకం చదివేవాడు. అతని మీద నాకు గౌరవం ఉండేది కాదు. నా సెల్యూట్ మనిషికి కాదు, భుజం మీది నక్షత్రాలకి.

రేడియో ఆపరేటర్ మాత్రం మనవాడే, కరీంనగర్ కుర్రాడు. ఇంకొకడు దుబాసీ. ఆ ప్రాంతంవాడే. ఇంతకుముందు వచ్చిన దళాల దగ్గర వంటింటి హిందీ నేర్చుకున్నాడు. ఊరి తరఫున మాట్లాడే మనిషి మామా ఫురాహా. అక్కడ పెద్ద వయసు ఆడవాళ్లని మామా అంటారు, అమ్మ అని అర్థం. యాభై దాటిన, చేతులు మోటుగా ఉన్న ఆడమనిషిని "మామా" అని పిలవాల్సి వచ్చినప్పుడల్లా ఆపరేటర్ నవ్వు ఆపుకోలేకపోయేవాడు.

"అన్నా, మా మేనమామ గూడ గింత కోపంగ సూడడే," అనేవాడు.

ఇప్పుడు నేనుండేది కెనడాలో, విన్నిపెగ్‌లో. ఇక్కడి మా తెలుగు సంఘంవాళ్లు ఒకసారి నన్ను ఈ కథ చెప్పమన్నారు. రెండు డాన్సుల మధ్య పది నిమిషాలు ఇచ్చారు. మైకు చేతికిచ్చే ముందు కార్యదర్శి చెవిలో, "ఇన్‌స్పైరింగ్‌గా ఉండాలండీ, కొంచెం ఫైరింగ్ కూడా ఉంటే పిల్లలు కనెక్ట్ అవుతారు," అన్నాడు. హాల్ నిండా కొత్తగా దిగిన స్టూడెంట్లు. ఆ రోజుల్లో విన్నిపెగ్‌లో ఏ విమానం దిగినా సగం మంది మన పిల్లలే. ముందు వరసలోంచి ఒకడు లేచాడు.

"అంకుల్, మీరు ఎంతమందిని షూట్ చేశారు?"

"ఒక్కరినీ చెయ్యలేదు," అన్నాను.

ఫోన్లన్నీ మళ్లీ జేబుల్లోంచి బయటికి వచ్చాయి. నేను మైకు తిరిగి ఇచ్చేసి బిర్యానీ క్యూలో నిలబడ్డాను. ఆ రోజు చెప్పనిదే ఇక్కడ రాస్తున్నాను.

మేం వెళ్లిన నాలుగో నెలలో సెక్టార్ హెడ్‌క్వార్టర్స్ నుంచి పెద్దలు వచ్చారు. ఐదుగురు, ఇస్త్రీ నలగని చొక్కాలతో. వాళ్ల కోసం మేం రెండు రోజులు హెలిపాడ్ రాళ్లకి సున్నం కొట్టాం. వాళ్లు ఊళ్లోకి దిగలేదు, గుట్ట మీదనుంచే చూశారు. కింద వరి పసుపు తిరుగుతోంది, ఆడవాళ్లు పిట్టల్ని తోలుతున్నారు.

"చాలా ప్రశాంతంగా ఉంది," అన్నాడు వాళ్లలో పెద్దాయన.

"మేం ఉన్నాం కాబట్టి సార్," అన్నాడు కెప్టెన్.

ఆయనకి వినపడలేదు, లేదా అవసరం లేకపోయింది. మా జీడిపప్పు తిన్నారు, ఫోటో దిగారు, వెళ్లిపోయారు. తర్వాతి వారం రేడియోలో ఆర్డర్ వచ్చింది. లుకోమేలో పరిస్థితి కుదుటపడింది. పోస్టు ఎత్తెయ్యండి. గురువారం హెలికాప్టర్ వస్తుంది.

కోత ఇంకా మొదలే కాలేదు.

ఊరికి ఎలా తెలిసిందో అడగనక్కర్లేదు. వంటవాడు పెద్ద డేగిశాలు తోమి బోర్లించడం చూసి ఉంటారు. గురువారం పొద్దున్న ఏడింటికి నేను హెలిపాడ్ చూడ్డానికి వెళ్తే, సున్నం కొట్టిన రాళ్ల వలయం నిండా ఆడవాళ్లు. చాపలు పరుచుకుని, చంటిపిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. కొందరు కర్రపెండలం చెక్కు తీస్తున్నారు. ఎవరూ అరవడం లేదు. మధ్యలో మామా ఫురాహా కాళ్లు చాపుకుని కూర్చుంది.

దుబాసీ వెళ్లి మాట్లాడి వచ్చాడు. "లేవరంట. వరి కోసేదాకా మీరు పోకూడదంట. ఆ తర్వాత మీ ఇష్టమంట."

కెప్టెన్ హెడ్‌క్వార్టర్స్‌కి చెప్పాడు. రేడియో మాటలన్నీ హిందీ, ఇంగ్లిష్‌లలో నడిచాయి. తెలుగులో రాస్తున్నాను.

"హెలిపాడ్ ఖాళీ చేయించండి. కనీస బలం వాడండి. ఓవర్."

"చంటిపిల్లలున్నారు సార్. కనీస బలం అంటే ఎంత? ఓవర్."

కాసేపు గరగర.

"మీ విచక్షణకి వదిలేస్తున్నాం. ఓవర్."

ఆపరేటర్ నావైపు తిరిగి మెల్లగా, "గాళ్ల విచక్షణ గాళ్ల కాడ దాసుకుంటరట అన్నా. ఖర్చు పెట్టేది మనదట," అన్నాడు.

నాకు ఆశ్చర్యం కలగలేదు. పదిహేడేళ్ల సర్వీసులో ఇలాంటివి చాలా విన్నాను. ఏదైనా అయితే పేరు కెప్టెన్‌ది, కాకపోతే గొప్ప వాళ్లది. కెప్టెన్ నాకు ఆర్డర్ ఇస్తాడనే అనుకున్నాను. ఎనిమిది మందిని వెంటబెట్టుకుని వెళ్లి, ఆడవాళ్ల చేతులు పట్టి లాగమని. లాగేవాణ్ణే. ఆర్డర్ ఆర్డరే.

కెప్టెన్ టెంట్ బయటికి వెళ్లి నిలబడ్డాడు. ఆకాశం అద్దంలా ఉంది. మేం వచ్చాక అంత ఎండ కాసిన పొద్దు లేదు. లోపలికి వచ్చి ఆపరేటర్ చేతిలోంచి రిసీవర్ తీసుకున్నాడు.

"హెలిపాడ్ పనికిరాదు సార్. భారీ వాన. ఏమీ కనపడటం లేదు. ఓవర్."

ఆపరేటర్ తల కిందకి వంచేసుకున్నాడు, భుజాలు ఊగుతున్నాయి.

"మీకు ఉత్తరాన ఉన్న పోస్టు ఎండ అంటోంది. ఓవర్."

"ఇక్కడ వాన సార్. ఓవర్ అండ్ అవుట్."

రిసీవర్ పెట్టేశారు. అప్పుడు నావైపు చూసి, "హవల్దార్, రేపటి నుంచి పెట్రోలింగ్ వరి చేల వైపు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా," అన్నారు. నేను సెల్యూట్ కొట్టాను. ఈసారి నక్షత్రాలు చూడలేదు.

ఆ తర్వాత రోజూ రేడియోలో వానే. నిజంగా కురిసిన రోజు కూడా అవతలివాళ్లు నమ్మలేదు. కానీ వాళ్లూ పట్టుబట్టలేదు. హెలికాప్టర్‌కి ఇంకెక్కడో పెద్దల్ని మోసే పని తగిలి ఉంటుంది.

చేలు వాగు అవతల. మేం పన్నెండు మందిమి అడవి అంచున వరసగా నిలబడేవాళ్లం. దుబాసీని వెంటబెట్టుకుని కెప్టెన్ కూడా వచ్చేవారు. వెనక ఊరంతా కోతలో. చాకు తగిలి వెన్ను తెగే చిన్న చప్పుడు, చుట్టూ వందల చోట్ల. తలమీద బుట్టలతో పిల్లలు ఊరికి, చేలకి తిరుగుతుండేవారు.

ఒక రోజు పదకొండింటప్పుడు చెట్ల మధ్య మనుషులు కదిలారు. తొమ్మిది మందిని లెక్కపెట్టాను, వెనక ఇంకా ఉన్నారు. యూనిఫాం ఒకడికి ప్యాంటు, ఒకడికి చొక్కా. తుపాకులు మాత్రం అందరికీ ఉన్నాయి. మాకూ వాళ్లకీ మధ్య వంద గజాలు. రైఫిళ్ల సేఫ్టీ లాకు తీయమని మావాళ్లకి చెప్పాను. వాళ్లు కాల్చేదాకా మేం కాల్చకూడదు. మొదటి తూటా మాలో ఎవరికి తగులుతుందో తగిలాకే తెలుస్తుంది.

వెనక్కి ఒక్కసారి చూశాను. ఆడవాళ్లు పరిగెత్తలేదు. మామా ఫురాహా తల కూడా ఎత్తలేదు. చేతులు మాత్రం ముందుకంటే వేగంగా ఆడుతున్నాయి.

వాళ్లలో ఒకడు రెండడుగులు ముందుకు వచ్చి ఏదో అరిచాడు.

"ఏమంటున్నాడు?" అని కెప్టెన్ దుబాసీని అడిగారు.

"మీరు పోయిన గురువారమే వెళ్లాలి కదా, ఎందుకు వెళ్లలేదు అంటున్నాడు సాబ్."

ఆ ఒక్క మాటతో నాకు సెక్టార్ హెడ్‌క్వార్టర్స్ అంటే ఏమిటో పూర్తిగా అర్థమైంది. రోజుతో సహా తెలుసు వాళ్లకి. ఆ ఇస్త్రీ చొక్కాల చుట్టూ తిరిగేవాళ్లలో ఎవడి నోట్లోంచి జారిందో, ఊరికి చెప్పాల్సిన కబురు ఊరిని దోచేవాళ్లకి ముందు చేరింది.

"వాన అని చెప్పు. తగ్గాక వెళ్తాం," అన్నారు కెప్టెన్.

దుబాసీ అరిచి చెప్పాడు. అవతలివాడు తలెత్తి ఆకాశం వైపు చూశాడు. మండే ఎండ. మమ్మల్ని చూశాడు, పన్నెండు రైఫిళ్లు చూశాడు. ఉమ్మేసి వెనక్కి తిరిగాడు. చెట్లు మూసుకున్నాయి. అయినా సాయంత్రం దాకా ఎవరం కూర్చోలేదు.

కోత అయిపోయాక హెడ్‌క్వార్టర్స్ హెలికాప్టర్ ఆశ వదిలి రోడ్డు మీద నాలుగు లారీలు పంపింది. వాటితో ఒక మేజర్ వచ్చాడు. దిగీదిగగానే కెప్టెన్‌ని అందరి ముందూ తిట్టాడు. తిట్టడం అయ్యాక చుట్టూ చూసి, "వీళ్లంతా ఏమిటి?" అన్నాడు.

ఊరంతా రోడ్డు మీద నిలబడి ఉంది. ధాన్యం బుట్టలు, మేకలు, కోళ్లు, ముసలివాళ్లు. మామా ఫురాహా నెత్తిన పెద్ద బుట్ట ఉంది.

"మీతో వస్తారంట," అన్నాడు దుబాసీ. "పట్నం దాకా. ఇక్కడ ఉంటే చచ్చిపోతాం, తెలుసు అంటున్నారు."

"లారీల్లో సివిలియన్లు ఎక్కడానికి వీల్లేదు," అన్నాడు మేజర్.

"ఎక్కరు సార్," అన్నారు కెప్టెన్. "నడుస్తారు. రోడ్డు బాగోలేదు, మనం కూడా మెల్లగానే పోవాలి."

ముందు లారీలో ఆయనే కూర్చున్నారు. మనిషి నడిచే వేగం దాటనివ్వలేదు. మేజర్ వెనక లారీలోంచి హారన్ కొట్టించాడు, అరిచాడు, చివరికి నిద్రపోయాడు. మూడో రోజు పట్నం చేరాం. దారిలో ఒక ముసలాయన జ్వరంతో చనిపోయాడు. ఒక బిడ్డ పుట్టింది. తుపాకులవాళ్లు ఎదురుపడలేదు.

నెల తర్వాత మా దళానికి మెడల్ పరేడ్. లుకోమేకి వచ్చి జీడిపప్పు తిన్న పెద్దాయనే నా ఛాతీకి మెడల్ గుచ్చాడు. గుర్తుపట్టలేదు. కెప్టెన్‌కి సర్వీసు రిపోర్ట్ పాడైంది, మేజర్ కాకుండానే సైన్యం వదిలేశారు. దుబాసీ ఆ తర్వాత నాకు కబురు పంపాడు. మేం వచ్చేసిన వారానికే తుపాకులవాళ్లు దిగి లుకోమేని మొత్తం కాల్చేశారు. ఊళ్లో కాలడానికి మనుషులు లేరు.

నేను ఇంటికి వచ్చాను, పెన్షన్ తీసుకున్నాను. నా భార్య విన్నిపెగ్‌లో కోర్సులో చేరితే స్పౌజ్ పర్మిట్ మీద వచ్చి ఒక కాలేజీలో సెక్యూరిటీ పనికి కుదిరాను. పొద్దున్నే మన పిల్లలు బస్సు దిగి వస్తారు, చలిని తిట్టుకుంటూ, పార్ట్‌టైం జాబ్ దొరకలేదని తిట్టుకుంటూ. "అంకుల్, ఆర్మీలో లైఫ్ ఈజీ కదా, ఫుడ్డూ బెడ్డూ వాళ్లే ఇస్తారు," అన్నాడొకడు మొన్న. ఐ.డి. కార్డు చూపించమన్నాను.

లుకోమే నుంచి బయల్దేరిన పొద్దున చివరి లారీలో వెనక కూర్చున్నది నేనే. అందరూ రోడ్డెక్కేశారు. చివరి ఇంటి ముందు ఒక ముసలామె ఒక్కతే ఉండిపోయింది. పేరు తెలియదు, అంతకుముందు ఎప్పుడూ చూసిన గుర్తు లేదు. వాకిలి ఊడుస్తోంది. గడప దగ్గర మొదలుపెట్టి, వంగి, వెనక్కి నడుస్తూ, తన అడుగులు కూడా పడకుండా ఊడ్చుకుంటూ వచ్చింది. నేను రమ్మని చెయ్యి ఊపాను. ఆమె తొందరపడలేదు. మొత్తం అయ్యాక పక్కనుంచి చుట్టూ తిరిగి వెళ్లి, తాళం లేని తలుపుని అడవి తీగతో రెండు ముళ్లు వేసి కట్టింది. చాప చంకలో పెట్టుకుంది, గిన్నె నెత్తిన పెట్టుకుంది. చీపురు మాత్రం వెంట తెచ్చుకోలేదు. వానకి తడవకుండా చూరు కింద గోడకి ఆనించి వచ్చింది.