గోల్‌కీపర్‌కి అంత జీతం దండగ

షాంటిలీ అనే ఊళ్లో మా ఆఫీసు లంచ్ టేబుల్ దగ్గర హాకీ గురించి తెలియనివాణ్ణి మనిషి కింద జమకట్టరు. మంచు మీద ఆడే హాకీ. నాకు తెలిసిన హాకీ స్కూల్లో మట్టి మీద ఆడింది, అదీ గట్టున కూర్చుని చూసింది. కానీ మా మేనేజర్‌కి ఆ ఆటంటే ప్రాణం, నా గ్రీన్‌కార్డ్ ఫైలింగ్‌కి ఊఁ అనవలసింది ఆయనే. అంచేత ఎంట్రన్స్ పరీక్షకి చదివినట్టు హాకీ చదివాను. రూల్సన్నీ బట్టీ పట్టాను. బంతికి బదులు వాడే ఆ నల్లటి బిళ్ల ఎటు పోతోందో మాత్రం ఇప్పటికీ నా కంటికి ఆనదు. గోల్ పడిందని పక్కవాళ్ల అరుపుల్ని బట్టి తెలుసుకుంటాను.

ఆ చలికాలం ఒక టీమ్ తన గోల్‌కీపర్‌కి కళ్లు తిరిగే జీతంతో ఏళ్ల తరబడి కాంట్రాక్ట్ రాసిచ్చింది. టేబుల్ దగ్గర రోజూ అదే గొడవ. అందరూ వాదించుకుని అలిసిపోయాక మేనేజర్ నా వైపు తిరిగి, "మరి నువ్వేమంటావ్?" అన్నాడు. ఏడాదిగా ఈ ప్రశ్న కోసమే తయారవుతున్నవాణ్ణి, ఆగుతానా?

"దండగ" అన్నాను. గోల్‌కీపర్ ఫామ్ ఒక ఏడాది ఉన్నట్టు ఇంకో ఏడాది ఉండదు. ముందు డిఫెన్స్ గట్టిగా ఉంటే మామూలువాడు కూడా మొనగాడిలా కనిపిస్తాడు. జీతాలకి టీమ్ మొత్తం మీద ఒక పరిమితి ఉంది కనక, ఆ డబ్బేదో ముందు ఆడేవాళ్ల మీద పెట్టి, వెనక ఇద్దరు చవక కీపర్లని మార్చి మార్చి దింపితే సరిపోతుంది. ఇదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. మేనేజర్ బల్ల చరిచి, "బ్రిలియంట్! స్లైడ్స్ చేసి పంపు" అన్నాడు. ఆ సాయంత్రం మా ఆవిడతో గ్రీన్‌కార్డ్ చేతికొచ్చేసినట్టే మాట్లాడాను. శనివారమంతా కూర్చుని రంగురంగుల గ్రాఫులు గీశాను. అడిగినదానికన్నా ఎక్కువ చెయ్యడం మనవాళ్ల జబ్బు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ ఆఫీసులో నా ఉద్యోగం టెస్టింగ్. డెవలపర్లు రాసిన సాఫ్ట్‌వేర్ ఆసుపత్రులకి వెళ్లేముందు అందులో తప్పులు పట్టుకునే ఆఖరి మనిషిని నేనే. ఇది వినగానే మీకు తట్టింది నాకు అప్పుడు తట్టలేదు.

తరవాతి నెల బడ్జెట్ మీటింగ్‌లో మేనేజర్ నా స్లైడ్స్ వేశాడు. నేను సిగ్గుపడుతూ నవ్వుతున్నాను. గోల్‌కీపర్ బొమ్మ దగ్గర ఆపి, "ఇది మనకీ వర్తిస్తుంది. డెవలపర్లు జాగ్రత్తగా రాస్తే చివర్లో ఖరీదైన టెస్టర్ ఎందుకు? ఇద్దరు చవక కాంట్రాక్టర్లు చాలు" అన్నాడు. నా నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. దాన్ని ఎలా తీసెయ్యాలో తెలియలేదు. తరవాత గదిలోకి పిలిచి, రాబోయే రిలీజే నాకు ఆఖరిదని, గ్రీన్‌కార్డ్ మాట ఇక లేదని చెప్పాడు. "అది ఆట, ఇది వేరు..." అని నసిగాను.

"నీ స్లైడ్సే కదా!" అన్నాడు, నిజంగా మెచ్చుకుంటూ.

రిలీజ్ ముందురోజు మధ్యాహ్నం నాకొక తప్పు దొరికింది. కవలపిల్లలు ఒకే ఆసుపత్రికి వెళ్తే ఒకళ్ల మందులు ఇంకొకళ్ల పేరు మీద చూపిస్తోంది. మా ఆవిడకి ఫోన్ చేశాను.

"మీరేం రిపోర్ట్ చెయ్యకండి. రేపు బయటపడ్డాక తెలిసొస్తుంది వాళ్లకి మీ విలువ" అంది.

ఆ మాట నాకూ తియ్యగానే ఉంది. ఒక టీ తాగినంతసేపు ఊహించుకున్నాను కూడా. ఫోన్లు మోగుతాయి, మేనేజర్ పరిగెత్తుకొస్తాడు, నేను తీరిగ్గా కుర్చీ ఇటు తిప్పుతాను. ఈలోపు ఆవిడే మళ్లీ చేసింది.

"ఏవండీ, చిన్నపిల్లల మందులు కదా అవి... చెప్పెయ్యండి."

"ఇప్పుడే పంపాను" అన్నాను.

సాయంత్రానికల్లా డెవలపర్ సరిచేశాడు. నా మెసేజ్ కింద మేనేజర్ ఒక బొటనవేలు బొమ్మ పెట్టాడు.

రిలీజ్ ఏ గొడవా లేకుండా జరిగిపోయింది. మర్నాడు మీటింగ్‌లో కేక్ కోశారు. "చూశారా, ఒక్క కంప్లైంట్ లేదు! ఇంత బాగా రాసే డెవలపర్లుంటే వెనక ఎవరున్నా ఒకటే" అన్నాడు మేనేజర్. అందరూ చప్పట్లు కొట్టారు. కేక్ ముక్క నోట్లో కుక్కుకుని నేనూ కొట్టాను.