చనిపోయినవాళ్ళు ఖాళీ చెయ్యని కుర్చీలు

క్రాగ్‌డెన్‌లో ‘కుంటి పొట్టేలు’ అని ఒక పబ్బు ఉంది. ఊళ్ళో ఎవరిని కదిలించినా, ఆ పబ్బే మా ప్రాణం అంటారు. ఆ ప్రాణం ఎలా కొట్టుకుంటోందో చూద్దామని సాయంత్రంపూట తలుపు తోసుకుని వెళితే, లోపల ముగ్గురు కనిపిస్తారు. అందులో ఒకటి పిల్లి.

దాన్ని నడిపే ఆవిడ మేవిస్ ఓల్డ్‌రాయిడ్. గోడలూ, కప్పూ, నేలా ఒక బీరు కంపెనీవి. మేవిస్‌కి చెందినవి రెండు చేతులూ, రెండు మోకాళ్ళ నొప్పులూను. పెళ్ళయిన కొత్తలో మొగుడు ఆర్నాల్డ్‌తో వచ్చి బీరు పంపు పట్టుకుంది, అతను పోయి నాలుగేళ్ళయినా వదల్లేదు. కింద వ్యాపారం, పైన రెండు గదుల్లో కాపురం. కింద తలుపుకి తాళం పడిందంటే పైన దీపం పెట్టుకునే హక్కు కూడా ఆవిడకి ఉండదు.

ఆ తాళం కబురు జనవరిలో వచ్చింది. కంపెనీ పంపిన జూలియన్ అనే కుర్రాడు మేజోళ్ళు లేకుండా బూట్లు తొడుక్కుని దిగాడు. యార్క్‌షైర్ కొండల్లో, గొర్రెలే ఒకదాన్నొకటి హత్తుకుని నిలబడే చలిలో! మేవిస్‌కి ముందు అతని చీలమండల మీద జాలేసింది.

“ఈస్టర్ దాకా చూస్తామండీ మిసెస్ ఓల్డ్‌రాయిడ్,” అన్నాడతను. “అప్పటికీ జనం రాకపోతే ఫ్లాట్లు కట్టేవాళ్ళకి ఇచ్చేస్తాం.”

“జనం రావాలంటే ఏం చెయ్యమంటావు నాయనా?”

“ముందు ఆ పేరు మార్చండి. కుంటి అంటే ఎవరొస్తారు?”

“మా తాతల కాలంనుంచీ కుంటుకుంటూ వచ్చారు, కుంటుకుంటూ పోయారు. పేరు చూసి జడుసుకున్నవాణ్ణి నేనెరగను.”

అతను నవ్వాడు. ఆ నవ్వు కూడా జీతంలో భాగమే కాబోలు. బంగాళాదుంప వేపుళ్ళు చిన్న చిన్న రేకు బాల్చీల్లో పెట్టమన్నాడు. గొర్రెమాంసం కూర పళ్ళెంలో కాకుండా పలకమీద వడ్డించమన్నాడు. కూర పలకమీద ఎలా నిలుస్తుందని మేవిస్ అడిగితే, “అదే అనుభవమండీ,” అన్నాడు. బాల్చీలు మాత్రం కంపెనీయే పంపింది.

మొదటి బాల్చీ క్లిఫర్డ్ సగ్డెన్ ముందుకు వెళ్ళింది. క్లిఫర్డ్ ఒకప్పుడు బస్సు నడిపేవాడు. ఇప్పుడు ఒక్క గ్లాసు బీరుని సాయంత్రమంతా నడుపుతాడు, అదీ మొదటి గేరులో. బాల్చీలోకి తొంగి చూసి, పక్కన కూర్చునే ఎడ్నా అనే ఆవిడ చెవిలో, “గుర్రానికి దాణా పెట్టినట్టు పెట్టింది చూడు,” అన్నాడు.

“ఎలా ఉంది క్లిఫర్డూ?” అని మేవిస్ అడిగింది.

“భలే ఉంది మేవిస్. భలే ఉంది.”

ఆ ఊరి జబ్బే అది. వెంట్రుక వచ్చినా, మాడినా, పచ్చిగా ఉన్నా, ఎలా ఉందని అడిగితే భలే ఉందంటారు. బయటికెళ్ళాక గుమ్మంలో నిలబడి తిట్టుకుంటారు. పళ్ళు పీకేటప్పుడు డాక్టరు నొప్పిగా ఉందా అంటే, లేదండీ, మీకేం శ్రమగా లేదుకదా అని అడిగే జాతి. మేవిస్ కూడా ఆ గడ్డన పుట్టిందే కాబట్టి ఆ మాటలన్నీ నమ్మింది. తన కూరకి వంక లేదనీ, ఈ కాలం జనానికే నిలకడ లేదనీ గట్టిగా అనుకునేది.

జనం అసలు రాకుండా లేరు. పాత నూలుమిల్లుని ఇళ్ళుగా మార్చాక ఊళ్ళోకి కొత్తవాళ్ళు బోలెడుమంది దిగారు. ఒక్కొక్కరూ ఒక్కసారి వచ్చేవారు, రెండోసారి వచ్చేవారు కాదు. ఎందుకో తెలియాలంటే కుర్చీల సంగతి తెలియాలి.

చలిమంట పక్కనున్న చేతుల కుర్చీ వాల్టర్‌ది. కిటికీ కింద బల్ల పోస్టాఫీసులో పనిచేసిన అక్కాచెల్లెళ్ళది. మూల సీటు స్టాన్లీది, బార్ చివర ఎత్తు స్టూలు మేవిస్ మొగుడు ఆర్నాల్డ్‌ది. మొదట్లో అందరూ వచ్చి ఎవరి చోట వాళ్ళు కూర్చునేవారు. తర్వాత ఒక్కొక్కరే చర్చి వెనక్కి పడకలు మార్చారు. మనుషులు పోయారుగానీ సీట్లు ఖాళీ అవలేదు. వాల్టర్ తాగే గ్లాసు ఇప్పటికీ కొక్కేనికి వేలాడుతోంది, మేవిస్ దాన్ని వారం వారం తుడుస్తుంది. బతికున్నవాళ్ళకి మిగిలింది మరుగుదొడ్డి తలుపు పక్కన బల్ల ఒకటే. దానికో కాలు పొట్టి.

ఎవరైనా కొత్తవాళ్ళు తెలియక వాల్టర్ కుర్చీలో కూర్చుంటే పైకి ఎవరూ ఏమీ అనరు. క్లిఫర్డ్ దగ్గుతాడు. ఎడ్నా మర్గట్రాయిడ్, పబ్బు ఎదురింటావిడ, ఊళ్ళో ఎవరింట్లో ఏ పాలు వస్తాయో కూడా తెలిసిన మనిషి, పొడుగ్గా నిట్టూరుస్తుంది. అప్పటికీ లేవకపోతే మేవిస్ గుడ్డ పట్టుకెళ్ళి, శుభ్రంగా ఉన్న బల్లనే మళ్ళీ తుడుస్తూ, “అది వాల్టర్ కుర్చీ తల్లీ,” అంటుంది. వాళ్ళు అయ్యో క్షమించండి అంటారు, మరుగుదొడ్డి పక్కకి మారతారు, సగం తాగి వెళ్ళిపోతారు. చర్చికి కొత్తగా వచ్చిన పాదిరీగారినే లేపారు, ఇక మిగతావాళ్ళెంత?

ఇలా ఊరు తన చేతులతోనే పబ్బుని ఖాళీ చేసి, ఖాళీ అయిపోతోందని గుండెలు బాదుకుంది. ఫిబ్రవరిలో ‘పొట్టేలు రక్షణ సంఘం’ పెట్టారు. ఎడ్నా అధ్యక్షురాలు. సభ పబ్బులో కాదు, చర్చి హాల్లో, టీ బిస్కట్లతో జరిగింది.

“అదేంటి ఎడ్నా, నా పబ్బు కాపాడ్డానికి నా పబ్బులో కూర్చోవచ్చుగా?” అని మేవిస్ అడిగింది.

“అక్కడ చలే తల్లీ. జనమెవరూ ఉండరుగదా, వెచ్చగా ఎలా ఉంటుంది?”

హాలు నిండిపోయింది. పబ్బులో ఏళ్ళ తరబడి మొహం చూపించనివాళ్ళు లేచి, పబ్బు పోతే ఊరికి ఆత్మే పోయినట్టు అని గొంతు చించుకున్నారు. క్లిఫర్డ్ అయితే కళ్ళు తుడుచుకున్నాడు. అతని సంచీలో సూపర్‌మార్కెట్ బీరు డబ్బాలు గలగలమన్నాయి, పక్కవాడు మర్యాదగా విననట్టు ఊరుకున్నాడు. ఆ గలగల మేవిస్‌కి కొత్త కాదు. చెత్తబండి వచ్చిన రోజు పొద్దున్నే వీధి వీధంతా సీసాలు తిరునాళ్ళ గజ్జెల్లా మోగుతాయి. ఈ ఊరు తాగడం మానలేదు, గడప దాటడం మానింది. చివరికి సంఘం పబ్బు గోడకి ఒక ఇత్తడి ఫలకం కొట్టాలని తీర్మానించింది.

“ఫలకాలు పోయినవాళ్ళకి కడతారే,” అంది మేవిస్.

“ముందుగా ఉంటే మంచిదిగా,” అంది ఎడ్నా.

ఆ తర్వాత వారంలోనే, వాన దంచికొడుతున్న సాయంత్రం, ఒక పొట్టి మనిషి తడిసి ముద్దై లోపలికొచ్చింది. పేరు లూర్దెస్. ఫిలిప్పీన్స్‌నుంచి వచ్చి కొండమీద వృద్ధుల ఆశ్రమంలో పనిచేస్తోంది. బస్సు తప్పిపోయింది. అటూ ఇటూ చూసి, తిన్నగా వెళ్ళి వాల్టర్ కుర్చీలో కూర్చుని, తడి బూట్లు మంటవైపు చాపింది.

క్లిఫర్డ్ దగ్గాడు.

లూర్దెస్ జేబులోంచి దగ్గుబిళ్ళ తీసి అతని చేతిలో పెట్టింది. “తాతా, ఛాతీలో కఫం ఉంది. రాత్రి తల కింద రెండు దిండ్లు పెట్టుకో.”

క్లిఫర్డ్ బిళ్ళ నోట్లో వేసుకున్నాడు. దగ్గడానికి మళ్ళీ ధైర్యం చాల్లేదు. ఎడ్నా నిట్టూర్చింది. “నీకూ కావాలా అమ్మా?” అంది లూర్దెస్. ఇక మేవిస్ గుడ్డ తీసుకుని బయల్దేరక తప్పలేదు.

“అది వాల్టర్ కుర్చీ తల్లీ.”

“అవును, తెలుసు.”

ఇన్నేళ్ళలో ఆ మాటకి ఎవరూ ఇవ్వని జవాబది. మేవిస్ గుడ్డ గాల్లోనే ఆగిపోయింది.

“చివర్లో ఆయనకి ఒళ్ళు తుడిచి, అన్నం పెట్టింది నేనే,” అంది లూర్దెస్. “ఎప్పుడూ ఈ కుర్చీ మాటే. ‘నేను పోయాక వెళ్ళి కూర్చో పిల్లా, అంత వెచ్చటి చోటు ఇంగ్లండులో లేదు’ అనేవాడు. నాకేమో సెలవు దొరకలేదు. ఇవాళ తప్పిపోయిన బస్సే ఇక్కడ దింపింది.”

ఎడ్నా ముక్కు చీదింది. క్లిఫర్డ్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. “నా పక్కనే కూర్చునేవాడమ్మా. నా కబుర్లంటే ప్రాణం. గంటలకొద్దీ వినేవాడు.”

“మీరేనా బస్సు తాతగారు!” అని లూర్దెస్ మొహం విప్పారింది. “ఆయనకి ఎడమచెవి పూర్తిగా చెవుడుగా. మీరు ఎప్పుడూ ఎడమపక్క కూర్చుంటారనే ఈ కుర్చీ ఎంచుకున్నాడట. చెప్పి చెప్పి నవ్వేవాడు.”

 మేవిస్ పగలబడి నవ్వింది. మొగుడు పోయాక ఆవిడ నవ్వు అంత పెద్దగా విన్నవాళ్ళెవరూ లేరు, పిల్లి సైతం లేచి పక్కకెళ్ళింది. నవ్వు ఆగాక కొక్కేన్నించి వాల్టర్ గ్లాసు తీసి, నిండా పట్టి లూర్దెస్ ముందు పెట్టింది.

ఆ వెంట కూర కూడా పెట్టి, ఎలా ఉందని అడిగింది.

“ఉప్పు లేదు,” అంది లూర్దెస్. “మాంసం ఇంకో గంట ఉడకాలి. మిరియాలంటే మీకేమైనా కోపమా?”

మేవిస్‌కి చెంప మీద కొట్టినట్టైంది. “ముప్పై ఏళ్ళుగా అందరూ భలే ఉందన్నారు!”

“తిన్నారా?”

క్లిఫర్డ్ కిటికీలోంచి వానకేసి చూశాడు. ఎడ్నా కొంగుకి బదులు చేతిరుమాలుతో మూతి కప్పుకుంది. మేవిస్‌కి పిల్లి అంత లావుగా ఎందుకుందో అప్పుడర్థమైంది.

రెండు రోజులు ఆవిడ ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మూడోనాడు మిరియాలు కొనుక్కొచ్చింది. లూర్దెస్ డ్యూటీ దిగాక తనతో పనిచేసేవాళ్ళని వెంటేసుకొచ్చింది. వాళ్ళు స్టాన్లీ మూలలో కూర్చున్నారు. క్లిఫర్డ్ నోరు తెరిచాడు, మేవిస్ కళ్ళతోనే మూయించింది. వాళ్ళు గట్టిగా నవ్వారు, పాడారు, కూర రెండోసారి అడిగారు, ఉడికింది ఉడికిందని, లేనిది లేదని మొహంమీదే చెప్పారు. ఆ నవ్వులు విని మిల్లు ఇళ్ళవాళ్ళు తొంగి చూశారు. చూసినవాళ్ళకి కిటికీ కింద బల్ల చూపించి, “కూర్చోండి, అది ఎవరిదీ కాదు,” అంది మేవిస్. ఆ మాట అనడానికి ఆవిడకి పంటి కింద రాయి నమిలినంత పనైంది. లోపల వెలుగూ సందడీ చూసి, చలి చలి అన్న సంఘం సభ్యులు కూడా ఒక్కొక్కరే, తామెప్పుడూ అక్కడే ఉన్నట్టు చేరారు. ఇదంతా మన తీర్మానం మహిమే అని ఎడ్నా అందరికీ చెప్పింది.

అన్నీ ఇచ్చేసిందిగానీ ఆర్నాల్డ్ స్టూలు మాత్రం ఇవ్వలేదు. జనం నిలబడి తాగుతున్నా అది ఖాళీగానే ఉండేది. మిగతావి ఊరివాళ్ళ జ్ఞాపకాలు, అది మాత్రం ఆవిడ సొంతం. ఆర్నాల్డ్ ఆ స్టూలు మీద ఎప్పుడూ ఒక పక్కకి ఒరిగి కూర్చునేవాడు. తను పంపు దగ్గర నిలబడితే కనబడాలని అలా ఒరుగుతాడని మేవిస్ నమ్మకం. ఒకటి రెండుసార్లు మురిసిపోతూ, “హాయిగా ఉందా?” అని అడిగితే, “భలే ఉంది మేవిస్,” అనేవాడు.

ఈస్టర్ వారంలో జూలియన్ వస్తానని కబురు పెట్టాడు. ఆ మధ్యాహ్నం తలుపు తీయకముందు మేవిస్ ఒంటరిగా స్టూలు ముందు నిలబడింది. కంపెనీవాడు లెక్క చూసే రోజున ఒక్క సీటు ఖాళీగా కనబడినా నష్టమే. ఇవ్వాలి. ఇచ్చేముందు ఒక్కసారి తను కూర్చోవాలనుకుంది. ఇన్నేళ్ళలో బార్‌కి ఇవతలివైపు ఆవిడ కూర్చున్న పాపాన పోలేదు. గౌను సర్దుకుని ఎక్కింది.

మరుక్షణం కెవ్వున దూకింది.

తోలు కింద నుంచి ఒక మేకు, సరిగ్గా నడిమధ్యన, తల పైకెత్తి ఉంది. మేవిస్ వేలితో తడిమి చూసింది. పాత మేకే, అరిగి నున్నబడింది. మళ్ళీ మెల్లిగా కూర్చుని పక్కకి ఒరిగింది. అప్పుడు గుచ్చుకోలేదు. అలా ఒరిగితే పంపు కాదు, మరుగుదొడ్డి తలుపు కనబడుతుంది.

“ఓరి నీ మర్యాద తగలెయ్య,” అంది ఖాళీ పబ్బులో. “ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయేది? అరనిమిషం పనికదా!” కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుకుంటూ, గూట్లోంచి సుత్తి తెచ్చింది. మేకు మీదికి ఎత్తింది. ఎందుకో కొట్టకుండా దించి మళ్ళీ గూట్లో పెట్టేసింది.

సాయంత్రం జూలియన్ వచ్చేసరికి పొట్టేలులో కాలు పెట్టే చోటు లేదు. వాల్టర్ కుర్చీలో లూర్దెస్, ఆమె కుడిపక్కకి మారి చెవిలో పాత బస్సు రూట్లన్నీ పోస్తూ క్లిఫర్డ్. జూలియన్ కళ్ళు మెరిశాయి.

“చూశారా మిసెస్ ఓల్డ్‌రాయిడ్! బాల్చీలు పనిచేశాయి!”

“పనిచేశాయి నాయనా,” అంది మేవిస్. ఒక బాల్చీలో బొగ్గులున్నాయి, ఇంకోదాంట్లో పిల్లికి నీళ్ళున్నాయి. “మరి తాళం సంగతి?”

“అదీ... పైవాళ్ళతో మాట్లాడాలి. కాస్త కూర్చుని ఆలోచించాలి. సీటేమైనా...”

 అందరి కళ్ళూ బార్ చివర స్టూలు మీదికి, అక్కణ్ణించి మేవిస్ మీదికి వెళ్ళాయి. క్లిఫర్డ్ దగ్గబోయి మింగేశాడు.

“కూర్చో నాయనా,” అంది మేవిస్, గుడ్డతో స్టూలు మీద దుమ్ము దులుపుతూ. “మా ఆయనది. ఆయన పోయాక ఎవరినీ కూర్చోనివ్వలేదు. నువ్వే మొదలు.”

అంత గౌరవం దక్కినందుకు జూలియన్ ఎర్రబడి, కోటు వెనక్కి తోసి, నిండుగా కూర్చున్నాడు. అతని కనుబొమలు నుదుటి మధ్యదాకా వెళ్ళి ఆగాయి.

“హాయిగా ఉందా?” అని మేవిస్ అడిగింది.

చుట్టూ ఊరంతా చూస్తోంది. పోయిన మనిషి స్టూలు. ఎదురుగా విధవరాలు.

“భలే ఉందండీ,” అన్నాడు జూలియన్. మెల్లిగా ఒక పక్కకి ఒరిగాడు.

“తొందరేం లేదు. బాగా ఆలోచించుకో. పైవాళ్ళకి ఏం చెప్తావో తేలేదాకా కూర్చో.”

“ఇంకో ఏడాది,” అన్నాడు జూలియన్ వెంటనే. “ఏడాది గడువు నేనిప్పిస్తాను. తప్పకుండా ఇప్పిస్తాను. ఇక నేను లేస్తానండీ.”

“అయ్యో, అప్పుడేనా?” అని మేవిస్ అతని ముందు గొర్రెమాంసం కూర పెట్టింది, పళ్ళెంలోనే. “తినందే ఎలా లేస్తావు? ఏడాది తర్వాత నువ్వే రావాలి మరి. ఈ స్టూలు నీ కోసం అట్టేపెడతాను.”