మొదటి అక్షరం మింగిన లాప్‌టాప్

2013 ఫిబ్రవరి. కామారెడ్డిలో నా కంప్యూటర్ రిపేరు షాపుకి అప్పటికే మంచి పేరుంది. ‘ఆమె నోరు కటువు, పని పక్కా’ అని నా గురించి అనేవాళ్లు జనం. రెండూ నిజమే.

ఒకరోజు ఎల్లారెడ్డి నుంచి నర్సింలు సార్ వచ్చారు. అక్కడ ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్పేవారు. ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు. ఆయన పాత లాప్‌టాప్‌లో విండోస్ బదులు లినక్స్ వేసిచ్చింది నేనే. అందులో స్క్రీన్ రీడర్ ఉచితం. తెర మీది అక్షరాలను పైకి చదివే సాఫ్ట్‌వేర్ అది. తెలుగూ చదివేది, గొంతు మాత్రం జలుబు చేసినట్టుండేది. సార్ దానికి చిన్న స్పీకర్ తగిలించి క్లాసులో పాఠం చదివించేవారు. పిల్లలు విని రాసుకునేవారు, తర్వాత ఆయన వివరించేవారు.

“అక్కా, ఇది మొదటి అక్షరం మింగుతున్నది. ‘అసమానతలు పెరిగితే ప్రజలు తిరగబడతారు’ అని పాఠంల ఉన్నది. ఇది ‘సమానతలు పెరిగితే’ అని చదివింది. పిల్లగాండ్లు గట్లనే రాసుకున్నరు. ఒకని నాయిన బడికొచ్చి లొల్లి పెట్టిండు.”

నాకు నవ్వాగలేదు. ఆయన నవ్వలేదు.

“ఇంకొక్కసారి గిట్లయితే వేరేటోళ్లను పెట్టుకుంట అన్నడు మా బడి ఓనర్.”

చార్జర్ పెట్టి పాఠాలన్నీ చదివించాను. ఒక్క అక్షరమూ పోలేదు. అయినా ఎందుకైనా మంచిదని సౌండ్ సెట్టింగులన్నీ సరిచేసి పంపాను. వారం తిరక్కుండానే మళ్లీ వచ్చారు.

“ఈడ బుద్ధిమంతుని లెక్క ఉంటది. ఆడికి వోతే దీని కథే వేరు.”

నాకు పంతం పట్టుకుంది. షాపుకి తాళం వేసి ఆయనతోపాటే ఎల్లారెడ్డి బస్సెక్కాను.

క్లాసులో వెనక బెంచీ మీద కూర్చున్నాను. కరెంటు లేదు. సార్ ఐదారుగురు పిల్లలను ఒక్క బెంచీ మీద కుక్కి, పక్క బెంచీ మొత్తం ఒక్క అమ్మాయికి ఇచ్చారు.

“ఎట్లున్నది?”

“ఇరుకున్నది సార్!” అని అరిచారు ఇరుక్కున్నవాళ్లు.

“గిదే అసమానత.”

ఎవరి కలం ఆగినా చప్పుడును బట్టి ఆయనకు తెలిసిపోయేది. పేరు పెట్టి పిలిచేవారు. వచ్చిన పని మరిచి నేనూ పాఠం విన్నాను. నాకు చిన్నప్పుడు ఇలాంటి సార్ దొరకలేదే అని నిజంగా బాధ కలిగింది.

అప్పుడు గమనించాను. పాఠం చదివించే ముందు సార్ ప్రతిసారీ ఇంకేదో కీ ఒకటి ఉత్తినే నొక్కుతున్నారు. క్లాసు అయ్యాక అడిగాను.

“కునుకు తీసేటోన్ని ఒకపారి పిలిచినంకనే గదా అక్కా ముచ్చట చెప్పేది? దీనికి గూడ గంతే. జరసేపు ఊకుంటే పండుకుంటది. కానీ పాఠంల పడితే పిలుసుడు మర్సిపోత.”

జబ్బు పేరు అక్కడే దొరికింది. లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంటే, చార్జింగ్ మిగల్చడానికి సిస్టమ్ సౌండ్ చిప్‌ను నిద్రపుచ్చుతుంది. దీన్ని పవర్ సేవ్ అంటాం. చిప్ లేచేలోగా మొదటి అక్షరం పోతుంది. నా షాపులో ఎప్పుడూ చార్జర్ మీదే నడిచింది కాబట్టి అది నిద్రపోలేదు. క్లాసులో కరెంటే లేదు. ఇన్ని తెలిసిన నాకు తట్టనిది ఆయన చెవికి అందింది.

మందు చిన్నదే. ఒక ఫైల్లో పవర్ సేవ్‌ను సున్నా చేసే లైను రాయాలి. కీబోర్డు మీదికి చెయ్యి చాపాను. సార్ ఆపారు.

“నువ్వు చెప్పు అక్కా, నేను కొడత. రేపు అప్‌డేట్ వచ్చి ఇది పోతే, మల్ల కామారెడ్డికి ఉరుకాల్నా?”

ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే చెప్పాను. ఆయన నొక్కిన అక్షరాన్ని లాప్‌టాప్ పలకాలి. కానీ నేను చెప్పే సందులోనే చిప్ కునుకు తీస్తోంది, ఆ అక్షరాన్ని మింగేస్తోంది. ఏం పడిందో వినపడకుండానే ఆయన లైనంతా కొట్టారు. నేను తెర చూశాను. ఒక్క తప్పు లేదు. చూస్తూ కొట్టినా ఆ లైనులో నాకు తప్పులు దొర్లుతాయి.

లాప్‌టాప్ ఆపి మళ్లీ ఆన్ చేశాం. చిప్‌కు నిద్రపోయే సమయమిచ్చి ఇద్దరం కీబోర్డు ముట్టకుండా కూర్చున్నాం. సార్ కీ నొక్కారు. వాక్యం మొదటి అక్షరంతో సహా గట్టిగా వినిపించింది. ఆయన ముఖం చూసి నాకు కళ్లు చెమర్చాయి.

తర్వాత ఓనర్ వచ్చి ఒక పీరియడంతా గుమ్మంలో నిలబడి విని వెళ్లారట. సోషల్ పాఠాలు మరుసటి ఏడాదీ సార్ దగ్గరే ఉన్నాయి.

రిపేరంటే వస్తువును బాగుచేయడమేనని అప్పటిదాకా అనుకునేదాన్ని. మనిషికి నా అవసరం తగ్గించడం కూడా రిపేరేనని ఆ క్లాసులో తెలిసింది. ఇప్పుడు నేర్చుకుంటానన్న ఎవరికైనా కీబోర్డు వాళ్లకే ఇస్తాను.

2014లో ఒకరోజు సార్ ఫోన్ చేశారు. “అక్కా, అప్‌డేట్ వచ్చింది. మల్ల మింగుడు షురూ చేసింది.”

“రేపొస్తాను సార్.”

“ఎందుకు? నేనే బాగు చేసుకున్న. నీకు చెప్పాలనిపించి ఫోన్ చేసిన.”

ఒక గిరాకీ చేజారినందుకు అంత సంతోషపడటం నా షాపు చరిత్రలో అదే మొదలు.