సరోజ విన్నది

కల్ల చెప్తే నా కండ్లు పోవాలె... ఇది నిజంగ అయ్యింది. నమ్మకుంటే నా పెండ్లాం సరోజను అడుగుండ్రి.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. నేను బొగ్గు బాయిల పని చేసేటోణ్ణి. ఒకనాడు లోపల కప్పు కూలి నా జోడీదారు ఐలయ్య సచ్చిపోయిండు. అప్పటిసంది నాకు వాని గొంతు వినబడుడు మొదలైంది. "సమ్మన్నా... వస్తలేవా?" అని. అది వినలేక తాగిన. తాగితే ఇంకా ఎక్కువైంది.

ఒకసారి తాగుడు మాన్పిచ్చిండ్రు. గొంతు ఆగలే... మళ్ల తాగిన. ఇంకోసారి ఆ గొంతు వినబడకుంట గోలీలు ఇచ్చిండ్రు. తాగుకుంట మింగితే అవేం చేస్తయి?

ఖమ్మంల ఒక డాక్టరమ్మ దొరికింది. "సమ్మయ్యా, ఇవి ఒక్క కాడికి కట్టిన రెండెడ్లు. ఒక్కదాన్నే ఆపితే బండి ఆగదు," అన్నది. దవాఖానల ఉంచుకొని రెంటికీ కలిపి మందు చేసింది. ఇంటికి పోయేనాడు ఒక మాట చెప్పింది. "గొంతు వస్తే పక్కనున్నోళ్లను అడుగు, నీకు వినబడ్డదా అని. లేదంటే అది నీ లోపలిదే. జవాబియ్యకు."

మాది టేకులపల్లి అవతల. ఇల్లు దాటితే అడివే. మొదట్ల అప్పుడప్పుడు గొంతు వచ్చేది. సరోజను లేపి అడిగేటోణ్ణి. "లేదు, పండుకో," అనేది. పాణం నిమ్మళమయ్యేది. మెల్లగ గొంతే బందైంది. ఎనిమిది నెలలు... అన్నం రుచైంది. నా బిడ్డ నా పక్కన కూసొని చదువుకునేది.

ఆ రాత్రి వాన ఎలిసింది. కరెంటు లేదు. చూరు నీళ్లు టప్... టప్... కప్పలు ఒక్కటే అరుసుడు.

ఉన్నట్టుండి కప్పలు ఆగినయి.

"సమ్మన్నా..."

దడి అవతలికెల్లి. తడి ఆకుల మీద ఒక అడుగు... ఇంకో అడుగు...

"వస్తలేవా?"

సరోజ చెయ్యి తట్టిన.

"నీకు వినబడ్డదా?"

ఆమె లేచి కూసున్నది. చీకట్ల ఆమె ఊపిరి వినబడుతున్నది.

"అవ్," అన్నది. "విన్న."

భయమైంది. గని, ఏం చెప్పాలె... వెంటనే మనసు తేలికైంది. ఇన్నేండ్లు ఆ గొంతుతోని నేనొక్కన్నే ఉంటి.

"పోయి చూద్దునా?" అన్న.

"వద్దు," అని నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. ఎవ్వరు రాలే. కొంచెంసేపటికి కప్పలు మళ్ల మొదలుపెట్టినయి. మాకు ఎప్పుడు నిద్ర పట్టిందో తెల్వదు.

తెల్లారి చూస్తే దడి కాడ ఏ గుర్తూ లేదు. ఊర్లె అడిగితే ఎవ్వరు రాలేదన్నరు. దాని గురించి మేమిద్దరం అప్పుడు మాట్లాడుకోలే.

ఆ వారమే సరోజను తీసుకపోయి డాక్టరమ్మకు చెప్పిన. ఆమె అంతా విన్నది.

"తాగబుద్ధైందా?"

"లేదు మేడం."

"నాకు అది చాలు. గోలీలు మాత్రం మానకు."

వచ్చేటప్పుడు బస్సుల సరోజను అడిగిన. "అది ఐలన్న గొంతే గదా?"

ఆమె నన్ను అదో తీరుగ చూసింది.

"ఐలన్నదా? కాదు... సచ్చిపోయిన మా అమ్మది. నా పేరు పెట్టే పిలిచింది."

కాసేపటికి ఆమె నా భుజం మీద తల పెట్టి పండుకున్నది. నేను బయట అడివి చూసుకుంట కూసున్న. భయం లేదు, తాగాలని లేదు... నిమ్మళంగనే ఉన్న. గని ఆ రాత్రి దడి అవతల నిలబడ్డదేందో... ఇప్పటికీ నాకు తెల్వదు.