పంచమం గారు ఊళ్ళో లేరు

మా పియానో టీచరు గారితో నేను తగాదా పడ్డాననీ, ఆ కోపంతోనే మూడు వారాలు ఆవిడ గడప తొక్కలేదనీ నిడదవోలులో కొందరు చెప్పుకుంటున్నారు. మూడు వారాలు వెళ్ళని మాట నిజం. తగాదా మాత్రం అబద్ధం. నాలుగో బుధవారం ఉదయం పాఠానికి వెళ్ళడానికి నేను సిద్ధమవుతూ ఉండగా, ఆవిడ నిద్రలోనే కన్నుమూశారని చర్చి నుంచి ఫోను వచ్చింది. ఆ మూడు వారాల్లో ఏం జరిగిందో చెప్పవలసిన బాధ్యత ఇప్పుడు నా ఒక్కదానిదే.

ఆవిడ మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. లూథరన్ చర్చిలో ప్రతి ఆదివారం పియానో వాయించేవారు. నేను కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. డెబ్భై రెండో ఏట పియానో నేర్చుకుంటానంటే "ఈ వయసులో ఎందుకండీ?" అని అడగని మనిషి ఆవిడ ఒక్కరే. "గోళ్ళు కత్తిరించుకుని రండి మేడమ్ గారూ" అన్నారు, అంతే.

వానాకాలంలో తీగలకు చెమ్మ పట్టకుండా ఇంట్లో తన పియానో కింది పలక తీసి లోపల చిన్న బల్బు వెలిగించి ఉంచేవారు. చెప్పులు విడిచి వట్టి కాలితోనే పెడల్ తొక్కేవారు. పాఠం మధ్యలో గూడ్సు బండి వెళితే నేను ఆగిపోయేదాన్ని. "మీ కోసం బండి ఆగిందా? దాని కోసం మీరెందుకండీ ఆగడం?" అనేవారు.

చిన్నతనంలో నేను కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. ఆవిడ వాయించిన మొదటి స్కేలు, ఆ స్వరాల వరుస, వినగానే "ఇది మా శంకరాభరణమే కదండీ" అన్నాను, కాస్త గర్వంగానే. ఆ తరువాత ఆవిడ ఏ స్కేలు చెప్పినా నేనొక రాగం పేరు చెప్పేదాన్ని. ఆరు నెలలు ఓర్చుకుని, ఒకనాడు ఆవిడ కొత్తదొకటి వాయించారు. "దీని పేరు చెప్పండి చూద్దాం."

షడ్జం. పక్కనే నల్లమెట్టు మీద రిషభం. అక్కడినుంచి ఒక్క దూకుతో గాంధారం, ఆపైన వరుసగా మూడు నల్లమెట్లు. నిషాదాలు రెండున్నాయి, పంచమం లేనే లేదు. దిగేటప్పుడు మధ్యమం కూడా మారిపోతుంది. నాకు ఏ పేరూ తోచలేదు.

"తోచదండీ. ఇది ఏ పాటలోంచీ పుట్టలేదు. ఎవరో కూర్చుని, లెక్కవేసి కల్పించారు. నేను దీన్ని పొడుపుకథ స్కేలు అంటాను."

నాకు పట్టుదల పెరిగింది. కానీ తంబురా శ్రుతిలో షడ్జ పంచమాలు వింటూ పెరిగిన చెవి నాది. మధ్యమం దాటగానే వేలు తనంతట తాను పంచమం మీద వాలేది.

"మేడమ్ గారూ, పంచమం గారు ఊళ్ళో లేరండీ. మాటిమాటికీ ఆయన తలుపు కొడతారేంటి?"

మొదట నవ్వాను. పదకొండోసారి నవ్వలేకపోయాను. లేచి నిలబడి, "తప్పు లేకుండా వాయించగలిగిన రోజునే వస్తాను" అన్నాను.

"అంత బాగా వస్తే ఇక నాతో పనేముందండీ? తప్పుతోనే రండి, టీ పెడతాను."

నేను వెళ్ళలేదు. ఇంట్లో కీబోర్డు మీద సాధన చేస్తూ కూర్చున్నాను. రెండో వారం ఆవిడే ఫోను చేశారు.

"పంచమం గారు వెళ్ళారా?"

"ఇంకా గుమ్మంలోనే ఉన్నారండీ."

"ఉండనివ్వండి. ఇద్దరూ కలిసి రండి."

ఆవిడ పోవడానికి ముందురోజు, మంగళవారం, ఆ స్కేలు ఐదుసార్లు వరుసగా తడబాటు లేకుండా వచ్చింది. ఆ ఐదుసార్లూ విన్నది నేనొక్కదాన్నే. ఎవరి మీదా ఆధారపడకుండా బతకడం నాకు చేతనవును, అది లోపమని ఈనాటికీ అనుకోను. అయితే దిద్దించుకోవడానికి వెళ్ళవలసిన చోటికి దిద్దుకుని వెళ్ళాలనుకున్నాను. ఆవిడతో గడపవలసిన మూడు బుధవారాలను అలా పోగొట్టుకున్నాను.

శనివారం ఆవిడ ఇంట్లో, ఆవిడ జ్ఞాపకార్థం ఆదరణ కూడిక. ఆవిడ గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘ పెద్దలు వచ్చి అడిగారు. మాట్లాడను, వాయిస్తాను అన్నాను. ఏ కీర్తన అని అడిగారు. చెప్పలేదు. ఆవిడ పియానో మీద ఆ స్కేలు ఒకసారి ఎక్కి, ఒకసారి దిగుతాను. వింటున్నవారికి అది పాటలాగా కూడా ఉండదు. ఈ విషయంలో ఎవరి సలహానూ తీసుకోలేదు, తీసుకోను. ఆవిడ పోయిన నాటినుంచి సాధన కూడా మానేశాను. వేలు జారితే అందరి ముందూ జారనివ్వండి. కీబోర్డు మీద పాత నేత తువ్వాలు కప్పి ఉంచాను. శనివారం దాకా దాన్ని తీయను.