ఆకుపచ్చ గది నెంబరు

2022 వేసవి. అనకాపల్లిలో ఒక ప్రైవేటు కంటి ఆసుపత్రికి టోకెన్ డిస్‌ప్లే ప్రోగ్రామ్ రాసిచ్చాను. నీలం గదిలో ఒక డాక్టరు, ఆకుపచ్చ గదిలో ఇంకొకరు. ఎవరి వంతు వస్తే వాళ్ల నెంబరు ఆ గది రంగు మీద తెరపై పడుతుంది. రంగు ముదురైతే తెల్ల అంకెలు, లేతదైతే నల్ల అంకెలు. ఏది ముదురో కోడే తేల్చుకుంటుంది.

పెట్టిన వారంలోనే ఫోన్ వచ్చింది. ఆకుపచ్చ గదికి పిలిచినవాళ్లు రావడం లేదట. వెళ్లేసరికి మునగపాక నుంచి శుక్లాలు చూపించుకోవడానికి వచ్చిన సన్యాసమ్మ అనే పెద్దావిడ తెర ఎదురుగానే కూర్చుని ఉంది. ఆమె నెంబరు ఎప్పుడో దాటిపోయింది. డాక్టరు బయల్దేరుతున్నారు.

"ఆకుపచ్చ మీద నెంబరొత్తాదన్నారమ్మా. పొద్దున్నుంచి అదే సూత్తన్నాను. పచ్చగానే ఉంది గానీ, నెంబరేదీ రాలేదు," అంది.

నాకు మాత్రం తెల్లటి అంకె కనిపిస్తూనే ఉంది. డాక్టరును బతిమాలి ఆమెను లోపలికి పంపించి, లాప్‌టాప్ తెరిచాను.

ఏమీ అర్థం కాలేదు. కంప్యూటరుకు ప్రతి రంగూ ఎరుపు, ఆకుపచ్చ, నీలాల కలయికే. ఒక్కొక్కటి సున్నా నుంచి 255 దాకా ఉంటుంది. మూడింటి సగటు 128 కన్నా తక్కువైతే ముదురు అని రాశాను. నిండు ఆకుపచ్చ సగటు 85. నిండు నీలానిదీ 85. నీలం గది నెంబరు అందరూ చదువుతున్నారు కదా, మరి దీనికేమొచ్చింది? తెర వెలుగు తగ్గించాను, పెంచాను. అక్షరాలు పెద్దవి చేశాను. ఏం లాభం లేదు.

చివరికి ల్యూమినెన్స్ గురించి చదివాను. అంటే కంటికి తోచే వెలుగు. అందులో ఆకుపచ్చకు పెద్ద వాటా, నీలానికి చాలా చిన్నది. ఆ వాటాలతో లెక్కిస్తే ఆకుపచ్చ 150, నీలం 29. ఆకుపచ్చ లేత రంగన్నమాట. కోడ్ మార్చాను. నల్ల అంకెలు పడ్డాయి. పిలిచినవాళ్లు రావడం మొదలుపెట్టారు.

ఆపరేషన్ అయ్యాక సన్యాసమ్మ చెకప్‌కి వచ్చినప్పుడు, ఉండబట్టలేక పాత తెల్ల అంకెను లాప్‌టాప్‌లో చూపించాను. కాసేపు కళ్లు చిట్లించి చదివేసింది.

"ఇదీ కనబడతంది కదమ్మా. మరెందుకు మార్సేవు?"

నేను చూపించింది అదే పాత సూత్రం, అదే రంగు. ఆమె కళ్లే మారాయి. ఏ కంటికి సరిపోయేలా కోడ్ రాయాలో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. అందుకే ఏ తెరనైనా, దాన్ని చదవాల్సినవాళ్ల పక్కన కూర్చుని, ఏం కనబడుతోందని వాళ్లనే అడిగాక అప్పగిస్తున్నాను.